మడత వెనక రెండో వలయం

పన్నెండేళ్ళు ఒక ఫోటోని రోజూ పొద్దున్నే తుడిచాను.

కొట్టు షట్టర్ ఎత్తి, వాకిట్లో నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించాక మొదట దేవుడి పటం, తర్వాత అది. దేవుడి పటాన్ని ఒంటి చేత్తో తుడిచేదాన్ని. దీన్ని మాత్రం రెండు చేతులతో పట్టుకునేదాన్ని. జారితే అద్దం పగులుతుంది. పగిలితే లోపల మడిచి పెట్టింది బయటపడుతుందని. తక్కెడల మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఏ మూటైనా చేత్తో ఎత్తి ఇంత తూగుతుందని చెప్పగలను. ఆ ఫోటో చట్రంతో కలిపి అరకేజీ కూడా తూగదు. మరి ఇన్నేళ్ళూ అంత బరువు ఎందుకు మోసినట్టు?

నాన్నకి చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్ళు. మా ఆయనకి చెప్పలేదు. చెబితే "ఓస్, అంతేనా?" అంటాడని భయం. అలా ఎవరైనా అంటే, అవును అంతేగా అని నేను కూడా ఒప్పేసుకుని హాయిగా ఉంటానేమోనని ఇంకా పెద్ద భయం. అందుకని మీకు చెబుతున్నాను. మీ పేరు నాకు తెలీదు, నా పేరు మీకు చెప్పను. ఇద్దరికీ సరిపోయిన బేరం. చివర్లో మీరు నన్ను క్షమించాలని అడగను. అడిగితే అది కూడా ఒక బేరమే అవుతుంది. నా సంగతి నాకు తెలుసు కదా.

మాది నరసరావుపేటలో, సత్తెనపల్లి రోడ్డు మీద మూలికల కొట్టు. కరక్కాయ, శొంఠి, సుగంధపాల వేళ్ళు, మారేడు బెరడు, కానుగ గింజలు. మాచర్ల అడవి వైపు నుంచి మూటలు దిగేవి. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు. నేను ఆయన పక్కన డబ్బాల మధ్య కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. నాకు ఎక్కాలకంటే ముందు బేరం వచ్చింది. నా పెళ్ళిలో పురోహితుడితో మంత్రాల నిడివి మీద బేరమాడానని మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. అబద్ధం కాదు. ఆడాను. కొంత తగ్గించాడు కూడా.

ఆ కొట్లో నేను రెండు సంగతులు నేర్చుకున్నాను. ఒకటి నాన్న నోటితో చెప్పింది. "కొట్లో నిలబడి సరుకుని తక్కువ చేసి మాట్లాడకూడదమ్మా." రెండోది ఎవరూ చెప్పలేదు, వీధిలో చూసి పట్టేశాను. మిరపకాయల బస్తా కాటా ఎక్కే ముందు కాస్త నీళ్ళు చిలకరిస్తారు. దాన్ని మోసమని ఎవరూ అనరు. కాయ విరిగిపోకుండా అంటారు. విరగదు, నిజమే. తూకం కూడా పెరుగుతుంది. పూర్తిగా ఎండిన సరుకంటే మా వీధికి లోపల్లోపల బెంగ. చెమ్మ పోయిన ప్రతిసారీ ఏదో నష్టపోయినట్టుంటుంది. ఈ బెంగే నన్ను ముంచింది.

గుంటూరులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివాను. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేయాలి. మా మేడం నా ఊరు, మా కొట్టు సంగతి విని ఆవిడే అంది, మీ కొట్లో ఉండే మూలికల సారం పళ్ళని పుచ్చబెట్టే బాక్టీరియా మీద ఎంత పని చేస్తుందో చూడమని. నాకు పండగే. సరుకు ఇంట్లోదే. వేప పుల్ల, కానుగ పుల్ల, తుమ్మ బెరడు, ఉత్తరేణి వేరు. ఉత్తరేణి మీకు తెలిసే ఉంటుంది, గట్ల మీద నడిస్తే గింజలు లంగా అంచులకి అంటుకుని ఇంటిదాకా వస్తాయి. దాని వేరుతో పళ్ళు తోముకున్న ముసలివాళ్ళు మా కొట్టుకి వచ్చి, ఉన్న పళ్ళు ఇకిలించి చూపించేవాళ్ళు.

మూలికలైతే ఉన్నాయి. బాక్టీరియా కావాలి. పుచ్చుపన్ను ఉన్న మనిషి నోట్లోంచి పుల్లతో కాస్త గీరి తీసుకోవాలి. వీధంతా అడిగాను. చుట్టుపక్కల పుచ్చుపళ్ళకి కరువు లేదు కానీ నోరు తెరవమంటే అందరికీ సిగ్గు ముంచుకొచ్చింది. "మా ఇంటావంటా పుచ్చు లేదమ్మా" అని మూతి బిగించుకుని వెళ్ళిన పిన్నిగారి నోటి వాసన నేనింకా మర్చిపోలేదు.

మస్తాన్ బాబాయ్ ఒక్కడే ఒప్పుకున్నాడు.

మా కొట్టుకి ఎదురుగా ఆయన మోటారు సైకిళ్ళ రిపేరు షెడ్డు. చిన్నప్పుడు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ట్రయల్‌కి తిప్పేవాడు. ఆయన గొప్ప ఏంటంటే, వచ్చిన బండి చేసే శబ్దాన్ని నోటితో చేసి చూపించేవాడు. "డుగ్ డుగ్ డుగ్... టక్. ఇదిగో, ఈ టక్కు కాడుంది రోగం." బండి యజమాని తెల్లమొహం వేసేవాడు. బండికి, బాబాయికి తేడా తెలిసేది కాదు. ఏ కంపెనీ బండైనా సరే, జ్వరమొచ్చిన బండైనా, పెళ్ళికి పోయే కొత్త బండైనా, ఆయన నోట్లో ఉండేది. ఆ నోరే నా ముందు బార్లా తెరిచాడు. "తీసుకో అమ్మాయ్, ఎన్ని కావాలంటే అన్ని. నా నోట్లో ఒక ఊరుంది." పుల్లతో గీరి, గాజు గొట్టంలో వేసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని గుంటూరు తీసుకుపోయాను. కండక్టరు ఏందమ్మా అది అంటే, "మా బాబాయి పళ్ళ పురుగులు" అన్నాను. పక్క సీటు వెంటనే ఖాళీ అయింది.

పురుగులంటూ ఏం ఉండవు, కంటికి కనపడని బాక్టీరియా. కానీ బాబాయి చివరిదాకా పురుగులనే అన్నాడు. "నా పురుగులు ఎట్టున్నాయమ్మాయ్, తింటున్నాయా?"

ఇక్కడి నుంచి నెమ్మదిగా చెప్పాలి. తొందరపడితే నాకు అనుకూలంగా చెప్పేస్తాను.

మూలిక పొడిని స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టాలి. ఆ రసాన్ని వేడినీళ్ళ మీద గిన్నెలో పెట్టి స్పిరిట్ పూర్తిగా ఆవిరయ్యేదాకా ఆరబెట్టాలి. అడుగున జిగురు లాంటిది మిగులుతుంది. అదే సారం. ఒక పెద్ద డబ్బాడు పొడి పోస్తే చివరికి గోటి మీద పట్టేంత మిగిలేది. ఆ గిన్నె ముందు కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇంత సరుక్కి ఇంతేనా? అరగిన్నె ఉన్నప్పుడే దించేస్తే ఎన్ని ప్లేట్లకి సరిపోతుంది! ఉత్తరేణి గిన్నెని తడిగా ఉండగానే దించేశాను. కాయ విరిగిపోకుండా అన్నట్టు. తప్పని అప్పటికి తెలీదు. నిజంగా తెలీదు. ఈ ఒక్కదానికి మాత్రం నన్ను నమ్మండి.

గాజు ప్లేట్లో బాక్టీరియా తినే జెల్లీ పోసి, దాని మీద బాబాయి నోటి సరుకు పరిచి, రెండు గుంటలు చేశాను. ఎడమ గుంటలో ఉత్తరేణి సారం. కుడి గుంటలో ఏ మూలికా లేని ఉత్త స్పిరిట్. అది మేడం పెట్టిన నియమం. చంపింది చెట్టా, స్పిరిట్టా అన్నది తేలాలి కదా. ఒక రోజు వెచ్చగా ఉంచితే ప్లేటంతా మీగడ పొరలా బాక్టీరియా పెరుగుతుంది. చచ్చిన చోట మాత్రం గుంట చుట్టూ గుండ్రంగా, అద్దంలా ఖాళీ మిగులుతుంది. ఆ వలయం ఎంత పెద్దదైతే మందు అంత గట్టిదని.

మర్నాడు ప్లేటు బయటికి తీశాను. ఎడమ వైపు బొట్టుబిళ్ళంత వలయం! కేకేశాను. పక్కనున్న పిల్లలు వచ్చి చప్పట్లు కొట్టారు. వాళ్ళు వెళ్ళాక కుడి వైపు చూశాను. అక్కడా వలయం. అంతే ఉంది.

అంటే చంపింది ఉత్తరేణి కాదు. నేను ఆరబెట్టకుండా వదిలేసిన స్పిరిట్.

ఇది తెలుసుకోడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. కప్పిపుచ్చడానికి ఇంకో రెండు. ఫోన్‌తో ఫోటో తీసి, ఊళ్ళో స్టూడియోలో రెండు కాపీలు వేయించాను. ప్రాజెక్టు పుస్తకంలో అంటించాల్సిన కాపీని కుడి సగం వెనక్కి మడిచి అంటించాను. ఒక్క వలయం. దాని కింద రాశాను, ఉత్త స్పిరిట్ దగ్గర వలయం లేదు అని.

కత్తిరించలేదు. మడిచాను. ఎందుకు? చానాసార్లు అడుక్కున్నాను. మా ఇంట్లో కాగితం ముక్క కూడా పారెయ్యరు, అది ఒక కారణం. కానీ అసలు కారణం అది కాదనుకుంటా. కత్తిరిస్తే అబద్ధం. మడిస్తే అబద్ధం కాదు, సగం చూపించడమే కదా. జల్లెడలో పైన లావు కరక్కాయలు పేర్చి, సన్నవి కింద పెట్టడం లాంటిది. కింద ఉన్నాయిగా! కావాలంటే తిరగేసి చూసుకోవచ్చుగా! ఎవరు తిరగేస్తారు చెప్పండి?

ఆ తర్వాత వారం రోజులకి సారాన్ని పూర్తిగా ఆరబెట్టి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పెట్టి చూశాను. ఈసారి ఉత్తరేణి దగ్గర వలయం వచ్చింది. ఎంతో తెలుసా? బియ్యపు గింజంత. అసలు లేదని కాదు. ఉత్తరేణి అబద్ధాలకోరు కాదు. దాని సత్తా దానికుంది, అది బియ్యపు గింజంత. దాన్ని బొట్టుబిళ్ళంత చేసింది నేను. ఆ రెండో ప్లేటు ఫోటో తీయలేదు. పుస్తకం అప్పటికే మేడం బల్ల మీద ఉంది. ఆవిడ చానా సంతోషపడింది.

ఇంతటితో ఆగితే ఇది ఒక పరీక్షలో చేసిన కాపీ లాంటిది. మీకు చెప్పేదాన్ని కూడా కాదు.

రెండో కాపీని కూడా అలాగే మడిచి, నేనే చట్రం కట్టించి నాన్న చేతికిచ్చాను. చూసి మురిసిపోయారు. గల్లాపెట్టె పైన తగిలించారు. దాని కింద అట్ట మీద రాయించారు, "పుచ్చుపంటి క్రిములను చంపునని పరీక్షలో తేలినది." అప్పటిదాకా ఎవరైనా అడిగితే కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే ఉత్తరేణి పళ్ళపొడి, డబ్బాల్లోకి ఎక్కింది. దానికి అందరికంటే పెద్ద ప్రచారకర్త ఎవరనుకున్నారు? మస్తాన్ బాబాయే. కొట్టుకి ఎవరొచ్చినా ఎదుటి షెడ్డులోంచి కేకేసేవాడు. "ఆ ఫోటోలో పురుగులు నావేనయ్యా! ఎట్టా చచ్చాయో చూడు!" నల్ల నూనె చేత్తో ఆ వలయాన్ని చూపించేవాడు. అద్దం మీద ఆయన వేలిముద్ర పడేది. తెల్లారి నేను తుడిచేదాన్ని.

అప్పటికి ఆరేడు నెలలైంది. ఒక సాయంత్రం. శావల్యాపురం నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు శొంఠి ఏరుకుంటున్నారు. నాన్న గల్లాపెట్టె దగ్గర ఉన్నారు. బాబాయి చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. దవడకి చెయ్యి ఆనించుకున్నాడు.

"అమ్మాయ్, ఒక మాట."

"చెప్పు బాబాయ్. పొడి అప్పుడే అయిపోయిందా? తోముకుంటున్నావా, అన్నంలో కలుపుకుంటున్నావా?"

"నవ్వించబాకే, సలుపుతోంది. ఇదిగో ఈ కింది పన్ను. పది రోజులాయె. పళ్ళ డాక్టరు దగ్గరికి పోయొచ్చా. లోపల చీముందంట. పీకాల్సిందే అంటన్నాడు."

నాన్న అందుకున్నారు. "పీకించడం దేనికి మస్తానూ? మన పొడి రెండు పూటలా దట్టించి..."

బాబాయి చెయ్యెత్తి ఆపాడు. "మీరాగండి శెట్టిగారూ. మీరు కొట్టు మనిషి. మీ సరుకుని మీరు పొగుడుకుంటారు, పొగుడుకోవాల. నేనడిగేది చదువుకున్న పిల్లని." నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నా పురుగుల్ని కళ్ళారా చూసిందానివి. పీకించమంటావా, పొడి చాలంటావా? నువ్వెట్టంటే అట్టా."

అంత పెద్ద ఇంజన్లు విప్పి పోసే మనిషికి సూదంటే భయం. ఆ భయం కళ్ళలో కనపడుతోంది. ఏ జవాబు కావాలో కూడా కనపడుతోంది. బేరమాడే దానికి ఎదుటి మనిషి మొహంలో ముందు కనపడేది అదేగా.

పీకించుకో బాబాయ్, ఇవాళే పీకించుకో. ఇది నాకు తెలిసిన జవాబు. పన్ను వేరు దగ్గర చీము పట్టాక పైన ఏ పొడి రుద్దినా లాభం లేదని పుస్తకంలోనే ఉంది. ఆ పొడి సత్తా బియ్యపు గింజంతేనని నాకొక్కదానికే తెలుసు. నోరు తెరిచాను. తల పైన ఆ ఫోటో. పక్కన నాన్న. శొంఠి ఏరడం ఆపి చూస్తున్న ఇద్దరు కొత్త బేరాలవాళ్ళు.

"పీకించుకుంటే మళ్ళీ రాదు బాబాయ్," అన్నాను. "ఇంకొన్నాళ్ళు పొడి పెట్టి చూడు. పరీక్షలో చూశాం గదా."

"అదీ! నువ్వన్నావు, చాలు," అన్నాడు. ఆయన భుజాలు దిగాయి. శావల్యాపురం వాళ్ళు చెరో డబ్బా తీసుకున్నారు.

చూశాం గదా. నేను చూశానని కూడా అనలేదు. అందరం కలిసి చూసినట్టు. ఆయన కొట్టు మాట ఏదో, చదువు మాట ఏదో విడదీసి మరీ అడిగాడు. నేను కొట్టు మాటకి చదువు చొక్కా తొడిగి ఇచ్చాను. ఆ చొక్కా లేకపోతే ఆయన నమ్మేవాడు కాదు. నాన్న మాటే నమ్మలేదుగా.

మూడు వారాలు పొడి దట్టించాడు. నొప్పి మధ్యలో తగ్గింది కూడా. "చచ్చాయమ్మాయ్, చచ్చాయి" అని షెడ్డులోంచి అరిచాడు. తర్వాత ఒక రోజు దవడ కింద వాచింది. రెండో రోజుకి వాపు గొంతులోకి దిగింది. జ్వరం. మంచినీళ్ళు కూడా మింగలేకపోయాడు. అంబులెన్సులో గుంటూరు తీసుకుపోతుంటే వీధంతా నిలబడి చూసింది. నేను కొట్లోనే ఉన్నాను. ఎవరో పావుకేజీ కరక్కాయలు అడిగారు. తూచాను.

దవడ కింద బయటినుంచి కోసి చీము తీశారు. చానా రోజులు ఉన్నాడు ఆస్పత్రిలో. బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. మెడకి కట్టు, ముక్కులో గొట్టం. వాళ్ళావిడ జాన్‌బీ పిన్ని వరండాలోకి పిలిచి చెప్పింది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని డాక్టరు కేకలేశాడంట. పొడి పెడుతున్నాం అంటే, ఏం పొడి, ఎవడు చెప్పాడు అన్నాడంట. "మా ఎదురింటి పిల్ల చెప్పిందని అనలేదమ్మా నేను. నీ పేరెందుకు అక్కడ." అని నా చెయ్యి నిమిరింది. నేను సంచిలో పైన కనపడుతున్న బత్తాయిల్ని అటూ ఇటూ సర్దాను. అప్పుడు చెప్పుండొచ్చు. మాట నాలుక మీదే ఉంది. మనిషి మంచం మీదుంటే ఇప్పుడెందుకులే అనుకున్నాను. మంచం దిగాక, ఇప్పుడెందుకులే, కోలుకున్నాడుగా అనుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒక 'ఎందుకులే' దొరికేది. వెతికేదాన్నిగా.

బాబాయి బతికాడు. దవడ కింద మచ్చ మిగిలింది. నోరు రెండు వేళ్ళ మందం కంటే తెరుచుకోదు. అన్నం చిన్న చిన్న ముద్దలుగా లోపలికి తోసుకోవాలి. బండి శబ్దం ఇక రాలేదు. మొదట్లో ప్రయత్నించాడు. పెదాలు ఒణికి గాలి మాత్రమే వచ్చేది. తర్వాత మానేశాడు. "ఇంజను సీజైందమ్మాయ్" అని తనే నవ్వాడు. ఇప్పుడు బండి రోగం చెప్పాలంటే స్పానరుతో నేల మీద కొడతాడు. టక్. అదొక్కటే మిగిలింది.

ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఏమన్నాడో తెలుసా? "ఆ పొడి పెట్టబట్టి ఈ మాత్రం బతికా. లేకపోతే ముందే పోయేవాణ్ణి." కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మచ్చ చూపించి మరీ చెప్పాడు. నా అబద్ధానికి ఆయన తన గొంతుని సాక్ష్యం పెట్టాడు. నేను డబ్బాలు అందించాను.

ఎమ్మెస్సీలో మంచి మార్కులొచ్చాయి. పై చదువుకి వెళ్ళలేదు. నాన్నకి తోడుగా ఉంటానని చెప్పాను, త్యాగం అన్నారు అందరూ. ఆ ప్లేట్ల ముందు మళ్ళీ కూర్చోలేకే వెళ్ళలేదు. ఒక్క అబద్ధానికి త్యాగమని పేరు కూడా కొట్టేశాను. ఎంత లాభసాటి బేరం!

ఒక్కోసారి ఇలా కూడా వాదించుకున్నాను. ఆయన డాక్టరు మాట విన్నాడు, నా మాటా విన్నాడు, ఎంచుకున్నది ఆయనే కదా. సూదికి భయపడేవాడు, నేను చెప్పినా పీకించుకునేవాడు కాదేమో. కాదేమో. ఆ 'ఏమో'ని పట్టుకుని ఎన్ని ఏళ్ళు ఈదానో. కానీ ఆయన నువ్వెట్టంటే అట్టా అన్నాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ మునిగాను.

ఈ వేసవి దాకా ఇంతే. ఈ వేసవిలో ఒక పొద్దున బాబాయి మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. హసీనా, రెండో తరగతి. ఎడమ బుగ్గ బూరెలా వాచింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఒక డబ్బా ఇవ్వమ్మాయ్. దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటన్నాడు వాళ్ళ నాన్న. నేనొద్దన్నా. మన డాక్టరు ఇక్కడుండగా." గడ్డం ఎత్తి ఫోటో వైపు చూపించాడు.



మీకు నా గురించి ఇంకా ఏమైనా మంచి అభిప్రాయం మిగిలి ఉంటే, ఇది కూడా వినండి. ఆ క్షణంలో కూడా నేను నిజం చెప్పలేదు. "స్టాకు లేదు బాబాయ్" అన్నాను. నా వెనక అరలో డబ్బాలు వరసగా ఉన్నాయి. ఆయన వాటిని చూసి, నన్ను చూసి, రెండు వేళ్ళ నోటితో నవ్వాడు. "రేటు పెంచుదామనా ఏంది?" అప్పుడు, "చిన్నపిల్లలకి పడదు బాబాయ్, డాక్టరుకే చూపించు" అన్నాను. నిజం బయటపడకుండా పని జరిపించుకోవాలని చూశాను. చివరి పైసా దాకా బేరం.

"నాకు పడ్డది గదమ్మా," అన్నాడు.

మచ్చ మీద వేలు పెట్టుకుని అన్నాడు.

స్టూలు ఎక్కి ఫోటో దించాను. చట్రం వెనక మేకులు తుప్పు పట్టాయి. "నీ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు" అన్నాను. ఎందుకని అడగలేదు. చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. అట్ట ఊడదీసి, ఫోటో బయటికి తీసి, మడత విప్పాను. మడత దగ్గర రంగు పోయి తెల్ల గీత పడింది. గీతకి ఆవల వలయం చెక్కు చెదరలేదు. పన్నెండేళ్ళు వెలుతురు తగలక, చూపించిన దానికంటే అదే కొత్తగా ఉంది.

"ఇదేంది? ఇంకోటుందే."

"ఇది ఉత్త స్పిరిట్ బాబాయ్. ఇందులో ఉత్తరేణి చుక్క కూడా లేదు."

ఆయన పిల్లని బల్ల మీద కూర్చోబెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు చాపి ఎడమ వలయాన్ని కొలిచాడు. ఆ వేళ్ళని అలాగే కదలకుండా పట్టుకుని కుడి వలయం మీద పెట్టాడు. బేరింగులు కొలిచే వేళ్ళు. వాటిని మోసం చేయలేం.

"రెండూ ఒకటే సైజు," అన్నాడు.

"ఒకటే."

 రోడ్డు మీద బస్సు ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది. పిల్ల బుగ్గ పట్టుకుని నా వైపు చూస్తోంది. అప్పుడు ఆయన నెమ్మదిగా అడిగాడు. "ఆ రోజు నేను నిన్ను అడిగినప్పుడు, ఇది నీకు తెలుసా?"

తెలీదని అనొచ్చు. తర్వాత తెలిసిందని అనొచ్చు. ఈ రెండు జవాబులూ పన్నెండేళ్ళుగా పాలిష్ పెట్టి సిద్ధంగా ఉంచుకున్నవే. అందులో రెండోది చానా బాగుంటుంది. దానికి ఆయన క్షమించేవాడు కూడా.

"తెలుసు," అన్నాను.

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. పిల్లని భుజానికి ఎత్తుకుని ఆటో ఆపాడు. పళ్ళ ఆస్పత్రికి పోనివ్వమని డ్రైవరుకి చెప్పడం నాకు వినపడింది. అది చాలు అనుకున్నాను. తర్వాత, అది చాలని అనుకోడానికి నేనెవరిని అనుకున్నాను.

హసీనాకి నయమైంది. పాలపన్నే, తీసేశారు, వేరేది వస్తుంది. జాన్‌బీ పిన్ని రోడ్డు మీద కనపడితే అడిగాను. "పిల్ల బాగుంది" అంది. ఇదివరకు ఒక్క మాట అడిగితే అరగంట నిలబెట్టే మనిషి. ఆ రెండు మాటలు చెప్పి పోయింది. చెయ్యి నిమరలేదు.

బాబాయి పొద్దున్నే షెడ్డు తీస్తాడు. నేను కొట్టు తీస్తాను. మధ్యలో రోడ్డు. ఇదివరకు టీ గ్లాసుతో ఇటు వచ్చేవాడు. ఇప్పుడు రావట్లేదు. తిట్టట్లేదు, ఎవరికీ చెప్పట్లేదు కూడా. స్పానరుతో నేల మీద కొట్టిన శబ్దం మాత్రం వస్తుంది. తలెత్తుతాను. నన్ను పిలిచింది కాదు. బండి రోగం ఎవరికో చెబుతున్నాడు.

ఫోటో మళ్ళీ గోడ మీదే ఉంది. మడత విప్పితే చట్రంలో పట్టలేదు, అందుకని అద్దం లేకుండా నాలుగు మూలలా పిన్నులు కొట్టాను. నాన్న రాయించిన అట్ట తీసేశాను. పొడి అమ్ముతున్నాను, దాచను. పళ్ళు తోముకోడానికి బాగుంటుంది, పుచ్చుకి పనిచెయ్యదు, చీము పడితే డాక్టరు దగ్గరికి పొండి అని చెప్పి అమ్ముతున్నాను. కొట్లో నిలబడి సరుకుని తక్కువ చేస్తున్నాను. ఆ రెండోదేందని అడిగినవాళ్ళకి చెబుతున్నాను. కొంతమంది డబ్బా తిరిగి బల్ల మీద పెట్టేస్తారు. మడిచింది ఎవరని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అందుకే ఇది మీకు రాయాల్సి వచ్చింది.

తేలికగా ఉందా అంటే ఉంది. సిగ్గులేకుండా ఉంది. ఆయన నోరు ఇంకా రెండు వేళ్ళే తెరుచుకుంటుంటే నాకు తేలిక ఎలా వచ్చింది, ఎక్కడిది, ఎవరి వాటాలోది? తెలీదు. పన్ను సలిపే రోజుల్లో నాలుక అస్తమానం అక్కడికే పోతుంది. పీకించుకున్నాక కూడా పోతుంది. అక్కడ గుంట తగులుతుంది. నొప్పి ఉండదు. ఆ గుంట పూడదు. నాలుక మళ్ళీ అక్కడికే పోతుంది.